పగలే పాకలోకి వచ్చిన నక్క: దానికి రేబిస్ ఎక్కడిది?

శనగచేను (అనంతపురం జిల్లా) | జూలై 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. మే 6న పట్టపగలు పదకొండు గంటలకు ఒక నక్క మా పశువుల పాకలోకి వచ్చింది. నక్క అంటే మనిషి అలికిడి వింటేనే పారిపోతుంది కదా. మా అమ్మ చీపురు విసిరినా ఇది కదల్లేదు. కట్టేసి ఉన్న గేదె మూతి పట్టుకుంది. మా కుక్క టైగర్ దాని మీద పడితే రెండూ పేడకుప్ప దాకా దొర్లాయి. చివరికి పక్కింటివాళ్లు కట్టెలతో కొట్టి చంపారు. గుంత తీసి పూడ్చేశాం. అంతటితో మర్చిపోయాం కూడా.

ఇరవై నాలుగో రోజు గేదె మేత మానేసింది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. గొంతు బొంగురుపోయినా ఆపకుండా అరుస్తోంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని మా బావ మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. తర్వాత నేనూ పెట్టాను. ఏమీ దొరకలేదు. మర్నాడు వెనక కాళ్లు పడిపోయాయి, నాలుగో రోజు పోయింది. పశువుల డాక్టర్ గారు మెదడు నమూనా తీసి పంపిస్తే రేబిస్ అని వచ్చింది. బావ, నేను, పాలు పితికే అమ్మ ముగ్గురం సూదులు వేయించుకున్నాం. సున్నా, మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల సూదులు నాలుగూ అయిపోయాయి.

నా ప్రశ్న వేరే. మా ఊళ్లో పిచ్చికుక్క అనే మాట విని నాలుగైదేళ్లయింది. మరి నక్కకు ఎక్కణ్నుంచి వచ్చింది? నక్కల్లో అది ఎప్పుడూ ఉంటుందా? ఊరి కుక్కలన్నిటికీ టీకా వేయించినా గుట్ట మీంచి మళ్లీ దిగి వస్తుందా?

చెప్పుదెబ్బ | జూలై 8, రాత్రి 9:40

నక్కలు, పందులు, కుక్కలు అన్నీ పెరిగిపోయాయి. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. ఒక నెల రోజులు అన్నిటినీ ఏరేస్తే రోగమూ ఉండదు, ఈ చర్చా ఉండదు.

పశువుల డాక్టర్ (కడప) | జూలై 8, రాత్రి 10:25

శనగచేను గారూ, ముందు మనుషుల సంగతి. బావ చేతి మీద గీతలు, పుళ్లు ఉన్నాయా? ఉంటే మామూలు సూదులతో పాటు మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే పని చేసే రెడీమేడ్ రక్షణ మందు) కూడా వేయాలి. వేశారో లేదో చీటీ చూడండి. కాచిన పాలు తాగినందుకు భయం లేదు.

"గొంతులో అడ్డం పడింది" అనే మాట వినగానే నాకు ఒళ్లు జలదరిస్తుంది. దవడలు, గొంతు కండరాలు చచ్చుబడి మింగలేక చొంగ కారుతుంటే, చూసేవాళ్లకు మామిడి టెంకో గడ్డిచుట్టో ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే చెయ్యి పెట్టాను. గ్లవ్ లేకుండా. ఆ తర్వాత టెన్షన్‌తో నెల రోజులు నిద్ర లేదు. గేదె మేత మానేసి చొంగ కారుస్తూ అరుస్తుంటే చెయ్యి పెట్టకండి. మాకు ఫోన్ చేయండి.

మూతి మీద కాటు కాబట్టి ఇరవై నాలుగు రోజులకే బయటపడింది. కాటు పడిన చోట నుంచి నరం పట్టుకుని మెదడుకు వెళ్లాలి దానికి. మూతి నుంచి మెదడు దగ్గర. అదే వెనక కాలు మీద కరిచి ఉంటే నెలలు పట్టేది.

టైగర్ సంగతి రాయలేదు మీరు. దానికి టీకా ఉందా?

శనగచేను | జూలై 8, రాత్రి 10:51

ఇమ్యునోగ్లోబ్యులిన్ వేశారు సార్, చీటీలో ఉంది. టైగర్‌కు రెండేళ్ల కిందట క్యాంపులో ఒక్కసారి వేయించాం. నక్కతో కొట్లాడాక ఏమీ వేయించలేదు, మాకు తట్టలేదు. చెవి దగ్గర చిన్న గాటు ఉండింది. ఇప్పుడైతే బాగానే తింటోంది, ఆడుతోంది.

పశువుల డాక్టర్ (కడప) | జూలై 8, రాత్రి 11:08

రేపు పొద్దున్నే తీసుకెళ్లి టీకా వేయించండి. ఆలస్యమైంది, అయినా వేయించండి. తర్వాత గొలుసుతో విడిగా కట్టేసి, పిల్లల్ని దగ్గరికి పోనీకుండా, నక్క కరిచిన రోజు నుంచి ఆరు నెలలు కనిపెట్టుకోవాలి. టీకా అసలే లేని కుక్కయితే నేను ఇంకో మాట చెప్పాల్సి వచ్చేది. అది చెప్పడం నాకూ ఇష్టం ఉండదు.

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 9, ఉదయం 7:30

శనగచేను గారి ప్రశ్న దగ్గరికి వస్తాను. రేబిస్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, భరించండి.

పొయ్యి, నిప్పురవ్వ అనుకోండి. రేబిస్ వైరస్ ఏ పాలిచ్చే జంతువుకైనా అంటుకోగలదు. మనిషి, గేదె, నక్క, ముంగిస, ఏనుగు, దేనికైనా. అలా పడేది రవ్వ. కానీ చాలాసార్లు రవ్వ పడిన చోటే ఆరిపోతుంది. మీ గేదెనే చూడండి. అది ఇంకో గేదెను కరవదు. వైరస్ దానితోనే చచ్చింది. మనిషీ అంతే. పొయ్యి అంటే వేరు. ఒక జాతి జంతువుల్లో ఒకదాన్నించి ఇంకోదానికి, దాన్నించి మరోదానికి, బయటి సాయం లేకుండా ఏళ్ల తరబడి మంట నిలవాలి. మన దేశంలో పెద్ద పొయ్యి కుక్కలదే. ప్రపంచంలో ఏటా దాదాపు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా, అందులో నూటికి 99 మందికి వచ్చేది కుక్క నుంచే.

మీ నక్క రవ్వా, పొయ్యా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. వైరస్‌లో ఉన్నది ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యువుల రాత, దాదాపు 12 వేల అక్షరాల పొడవు, ఐదే జన్యువులు. మన పొలం పాస్‌బుక్కులో పేర్లు ఎక్కించే గుమాస్తాలా, నకలు రాసేటప్పుడు తప్పులు చేస్తుంది, సరిచూసుకోదు. ఆ తప్పులు పిల్లలకు, మనవలకు పోతాయి. మొత్తం వైరస్ మీద ఏడాదికి రెండు నుంచి ఐదు అక్షరాల దాకా మారుతుంటాయి. కాబట్టి మీ గేదెలో దొరికిన వైరస్‌ను, చుట్టుపక్కల కుక్కల్లో దొరికినవాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఎవరెవరికి దగ్గర చుట్టమో తెలుస్తుంది. నక్కలు తమలో తామే ముప్పై నలభై ఏళ్లుగా తిప్పుకుంటూ ఉంటే వాటి వైరస్ ఈపాటికి వేరే కొమ్మ అయి ఉండాలి.

కర్నూలు కుర్రోడు | జూలై 9, ఉదయం 8:02

అక్కా, కరోనా అంత వేగంగా మారింది కదా. ఇది ఏడాదికి రెండు నుంచి ఐదు అక్షరాలేనా? తప్పులు చేసే గుమాస్తా అన్నారు మరి.

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 9, ఉదయం 8:45

మంచి ప్రశ్న తమ్ముడూ. తప్పులు చాలానే జరుగుతాయి. నిలిచేవి తక్కువ. కండరంలోంచి నరంలోకి దూరాలి, నరం వెంట మెదడుకు పాకాలి, అక్కణ్నుంచి లాలాజల గ్రంథులకు దిగాలి, అదే సమయానికి జంతువుకు కరిచే బుద్ధి పుట్టాలి. ఇన్ని గడపలు దాటే తాళంచెవి అది. పన్ను ఒక్కటి అరిగినా ఏదో ఒక తలుపు దగ్గర ఆగిపోతుంది. అందుకే మారినవాటిలో ఎక్కువ భాగం చచ్చిపోతాయి, మిగిలినవి తాతముత్తాతల్లాగే ఉంటాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1880లలో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ ఈ వైరస్‌ను కుందేలు మెదడు నుంచి ఇంకో కుందేలు మెదడుకు, అలా వరసగా ఎక్కిస్తూ పోయాడు. మొదట్లో రెండు మూడు వారాలకు గానీ జబ్బు పడని కుందేళ్లు చివరికి ఏడు రోజులకే పడడం మొదలుపెట్టాయి, అక్కడ స్థిరపడింది. గడపలన్నీ తీసేసి ఒక్క మెదడులోనే పెంచితే ఆ మెదడుకు తగ్గట్టు మారిపోయిందన్నమాట. 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి వేసింది ఆ కుందేళ్ల వెన్నుపాము ఎండబెట్టి చేసిన మందే. మన పశువుల ఆసుపత్రుల్లో జూలై 6న కుక్కలకు ఉచితంగా టీకాలు వేసేది ఆ రోజు గుర్తుగానే.

పాత పోస్ట్‌మాస్టర్ (నంద్యాల) | జూలై 9, మధ్యాహ్నం 1:15

అమ్మా రమణీ, ఆ మందుకు మనవడి లాంటి మందును నేను బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నాను. 1971. గొర్రె మెదడుతో చేసేవారట. రోజూ ఉదయం నాన్న సైకిల్ మీద పెద్దాసుపత్రికి, కాంపౌండర్ పొట్ట చర్మం రెండు వేళ్లతో ఎత్తి పట్టుకునేవాడు. ఏడో రోజుకు పొట్టంతా గట్టిపడి అరటికాయ తొక్కలా అయింది. దాంతో పాటు ఊళ్లో ఉమ్మెత్త మందు కూడా తాగించబోతే మా మేనత్త అడ్డుపడింది, లేకపోతే ఆ మందుకే పోయేవాణ్ని.

పశువుల డాక్టర్ (కడప) | జూలై 9, మధ్యాహ్నం 2:00

ఆ గొర్రె మెదడు మందును మన దేశంలో 2004 చివర్లో ఆపేశారండీ. ఇప్పటి టీకాలు కణాల్లో పెంచినవి, చేతికే నాలుగైదు సూదులు. ఇంకా "పద్నాలుగు సూదులట" అనే భయంతోనే ఆసుపత్రికి రానివాళ్లు ఉన్నారు. మీ అనుభవం చెప్పేటప్పుడు ఆ ముక్క కూడా కలపండి, పుణ్యం ఉంటుంది.

పిట్స్‌బర్గ్ బాబాయి | జూలై 10, ఉదయం 6:20

రమణి చెప్పిన పొయ్యి మాట మా ఊళ్లో కళ్లతో చూడొచ్చు. ఇక్కడ పొయ్యి రకూన్‌లది. పిల్లికంటే పెద్దది, కళ్ల చుట్టూ దొంగ గంతలు కట్టుకున్నట్టు నల్లచార ఉంటుంది, రాత్రిళ్లు చెత్తడబ్బా మూత తీసుకుని తింటుంది. ఆ వైరస్ ఒకప్పుడు ఫ్లోరిడా, జార్జియా వైపే ఉండేది. 1970ల్లో వేటగాళ్ల క్లబ్బులు వేటకోసం దక్షిణాది నుంచి రకూన్‌లను లారీల్లో తెచ్చి ఇటు కొండల్లో వదిలాయి. 1977లో వెస్ట్ వర్జీనియాలో మొదటి కేసు. అక్కణ్నుంచి తూర్పు తీరమంతా కెనడా సరిహద్దు దాకా పాకింది. వైరస్ తనంతట తాను నడిచి వచ్చుంటే ఎన్ని తరాలు పట్టేదో. లారీ ఎక్కించి మనమే దింపాం.

ఏటా ఆగస్టులో ఇక్కడ టీకా ఎరలు చల్లుతారు. కొండల మీద విమానంలోంచి, ఊళ్లో కార్లలోంచి. టమాటా సాస్ ప్యాకెట్ అంత ఉంటుంది, పైన చేపల పొడి. నిరుడు మావాడి కుక్క పెరట్లో ఒకటి నమిలేసింది. మా ఆవిడ ప్యాకెట్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే, నోట్లోంచి లాక్కోవద్దు, తిననివ్వండి, మహా అయితే కడుపు కొంచెం పాడవుతుంది అన్నారు. ఇల్లంతా మాత్రం రెండు రోజులు ఎండు చేపల వాసన. మా అమ్మ ఇండియా నుంచి ఫోన్ చేసి, "శ్రావణమాసంలో ఏం వండుతున్నార్రా" అని నవ్వింది.

చెప్పుదెబ్బ | జూలై 10, ఉదయం 9:10

ఆ విమానం ఖర్చుతో తూటాలు ఎన్నొస్తాయో లెక్కేశారా ఎవరైనా? చంపేస్తే సరిపోయేదానికి చేపల పులుసు పెట్టి మేపుతున్నారు.

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 10, ఉదయం 10:30

లెక్క యూరప్ వేసి చూసిందండీ. 1940ల నుంచి పోలండ్ వైపు నుంచి ఎర్ర నక్కల్లో రేబిస్ పడమరకు ఏటా ఇరవై నుంచి అరవై కిలోమీటర్లు చొప్పున జరుగుతూ వచ్చింది. కాల్చారు, బొరియల్లో విషవాయువు వదిలారు. ఆగలేదు. ఒక నక్క చస్తే దాని జాగా ఖాళీ అవుతుంది, పక్క జాగాల కుర్ర నక్కలు దానికోసం కొట్టుకుంటూ వస్తాయి, కరుచుకుంటాయి. వైరస్‌కు కావలసింది అదే. 1978లో స్విట్జర్లాండ్‌లో రోన్ నది లోయలో కోడి తలకాయల్లో టీకా పెట్టి చల్లారు. లోయ అడ్డంగా ఒక గోడ కట్టినట్టు అక్కడ ఆగిపోయింది. 1999 నాటికి దేశం మొత్తం రేబిస్ లేనిదయింది. నక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

అడవి కెమెరా (తిరుపతి) | జూలై 10, రాత్రి 8:50

సరే, నక్కల పొయ్యి యూరప్‌లో ఉంది కదా, మరి మన నక్క కూడా పొయ్యి కావచ్చు కదా? అన్నట్టు ఒక పేర్ల గొడవ. యూరప్ ఎర్ర నక్క వేరు, మన నక్క వేరు, గుంటనక్క వేరు. శనగచేను అన్న చెప్పిన తీరు బట్టి అది నక్కే, గుంటనక్క కాదనుకుంటా.

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 10, రాత్రి 9:35

కావచ్చు. కొన్నిచోట్ల అయింది కూడా. అందుకే నమూనా చదవాలన్నాను.

టాంజానియాలో సెరెంగెటి అడవి చూడండి. 1991 ప్రాంతంలో అక్కడి అడవికుక్కలు కనిపించకుండా పోయాయి, రేబిస్ ఒక కారణం. నక్కలు, దుమ్ములగొండులు, ముంగిసలు, ఎన్నో రకాలకు వచ్చింది. ఇన్ని జంతువులున్నాయి కాబట్టి అడవే పొయ్యి అనుకోవడం సహజం. తీరా ఏళ్ల తరబడి ఒక్కో కాటునూ వెతికి రాసుకుని, వైరస్‌లను చదివి చూస్తే, మంట నిలబెడుతున్నది చుట్టూ ఉన్న పల్లెల కుక్కలే. అడవి జంతువుల్లో ఒకటి రెండు కాట్ల తర్వాత ఆరిపోతోంది. ఇథియోపియాలో ఇంకా దారుణం. ఎక్కువగా బాలే పర్వతాల్లో ఉండే ఇథియోపియా తోడేళ్లు ప్రపంచం మొత్తం మీద ఐదొందలు కూడా లేవు. పశువుల కాపర్ల వెంట వచ్చిన కుక్కల నుంచి 1991లో, మళ్లీ 2003లో రేబిస్ పడి గుంపులకు గుంపులు పోయాయి.

కానీ దక్షిణాఫ్రికా ఉత్తర భాగంలో నల్లవీపు నక్కలు సొంతంగా తిప్పుతున్నాయి. అదే దేశంలో పసుపు ముంగిసలకు అచ్చంగా వాటిదే ఒక వైరస్ కొమ్మ ఉంది, కుక్కల వైరస్‌తో పోలిస్తే బాగా పాతది. ఎక్కడ పొయ్యి అవుతుందో తేల్చేది ఆ జాతి ఎంత దట్టంగా ఉంది, ఒకటి చచ్చేలోపు సగటున ఒకటికంటే ఎక్కువ తన జాతి జంతువులను కరవగలదా అన్నది. కుక్కల్లోనే ఆ సగటు ఒకటికీ రెండుకీ మధ్య ఉంటుంది, అంతే. చాలా సన్నని అంచు మీద బతికే వైరస్ ఇది.

కర్నూలు కుర్రోడు | జూలై 10, రాత్రి 9:50

అంత సన్నని అంచు మీద ఉంటే ఇన్ని వేల ఏళ్లుగా ఎలా బతికిందక్కా?

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 10, రాత్రి 10:15

ఓపిక. వారాలు, నెలలు నరంలో దాక్కుంటుంది. ఈలోపు కుక్క యజమానితో పాటు బండెక్కి ఇంకో ఊరు పోతుంది. 1997లో ఇండోనేషియాలో సులవేసి నుంచి చేపల పడవలో వచ్చిన కుక్కలతో ఫ్లోరెస్ ద్వీపానికి చేరింది. 2008లో బాలికి. మధ్యలో సముద్రం ఉంది కదా అని ఊరుకుంటే లాభం లేదు, పడవలు ఉన్నాయి.

పశువుల డాక్టర్ (కడప) | జూలై 11, ఉదయం 6:45

ముంగిస అన్నారు కాబట్టి మనవాళ్ల కథ ఒకటి. 1872లో జమైకాలో చెరకు తోటల యజమాని ఒకాయన ఎలుకలను పట్టడానికి కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెప్పించుకున్నాడు. అవి పెరిగి, పక్క ద్వీపాలకూ పంచుకున్నారు. ఎలుకలు రాత్రి తిరుగుతాయి, ముంగిస పగలు తిరుగుతుంది, ఆ లెక్క ఎవరూ చూసుకోలేదు. కోడిపిల్లలు, పక్షి గుడ్లు ఖాళీ. 1950లో పోర్టోరికోలో వాటిలో రేబిస్ బయటపడింది. ఇప్పుడు ఆ ద్వీపంలో పొయ్యి ముంగిసదే, 2015లో ఒకాయన ముంగిస కాటుతో పోయాడు. తమాషా ఏంటంటే ఆ వైరస్ మన దేశం నుంచి ముంగిసతో వెళ్లింది కాదు. యూరప్ వాళ్ల ఓడల్లో వెళ్లిన కుక్కల వైరస్ కొమ్మ అది. ముంగిస మనది, వైరస్ వాళ్లది, కలుసుకున్నది మూడో చోట.

మన ఇళ్ల దగ్గర ముంగిస కాటు పడితే "కుక్క కాదులే" అని వదిలేసేవాళ్లను ఏడాదికి ఇద్దరు ముగ్గురిని చూస్తాను. ముంగిస, నక్క, కోతి, పిల్లి, ఏది కరిచినా సబ్బు పెట్టి ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి పోవడమే. కారం, సున్నం పెట్టకండి.

విజయవాడ సత్య | జూలై 11, ఉదయం 11:20

ఎక్కడో చదివాను, వైరస్ మారి మారి కొత్త జంతువుకు తగ్గట్టు తయారయ్యాకే దూకుతుందని. అలా మారితే మన టీకాలు పని చేయవా? టెన్షన్‌గా ఉంది, మా ఇంట్లో రెండు కుక్కలు.

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 11, మధ్యాహ్నం 12:40

సత్య గారూ, దూకడానికి మార్పు అక్కర్లేదు, కాటు చాలు. 2001లో అమెరికాలో అరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలో స్కంక్‌లు వరసగా చావడం మొదలైంది. మన పునుగుపిల్లిలా ఘాటు వాసన కొట్టే జంతువు అది. చదివి చూస్తే లోపల ఉన్నది గబ్బిలాల వైరస్. పైగా ఒకే గబ్బిలం కరిచి ఆగిపోయింది కాదు, స్కంక్ నుంచి స్కంక్‌కు పాకుతోంది. అది పొయ్యి అంటుకునే క్షణం. వెంటనే పట్టి టీకాలు వేస్తూ ఆర్పారు, తర్వాతి ఏళ్లలో మళ్లీ రాజుకుంది. ఏ మార్పు వల్ల అలా జరిగిందని వెతికితే ఇదిగో ఇదీ అని చూపించే ఒక్క అక్షరం లేదు. 

గబ్బిలాల్లోనూ అంతే. అమెరికా ఖండాల్లో ఒక్కో జాతి గబ్బిలానికి ఒక్కో కొమ్మ ఉంది, దగ్గరి చుట్టాలైన జాతుల మధ్య ఎక్కువగా దూకుతుంది, దూరపు చుట్టాలకు తక్కువ. ఆ ఖండాలు తప్ప మరెక్కడా అసలు రేబిస్ వైరస్ గబ్బిలాల్లో తిరగదు. మిగతా చోట్ల దాని దాయాదులు ఉన్నాయి. శ్రీలంకలో మనకూ ఉండే పెద్ద గబ్బిలంలో 2015లో గన్నోరువ అనే దాయాది దొరికింది.

టీకా విషయం: కుక్కదైనా నక్కదైనా ముంగిసదైనా రేబిస్ వైరస్ కొమ్మలన్నిటికీ ఇప్పటి టీకా పని చేస్తుంది. పైతొడుగు మాంసకృత్తు అంతగా మారలేదు. ఆఫ్రికాలో మొకోలా అనే దూరపు దాయాదికి మాత్రం పని చేయదు. అది విజయవాడ రాదు, మీ కుక్కలకు ఏటా టీకా వేయించి నిశ్చింతగా ఉండండి.

అడవి కెమెరా (తిరుపతి) | జూలై 11, సాయంత్రం 5:30

2024లో దక్షిణాఫ్రికా తీరంలో సీల్స్‌కు రేబిస్ వచ్చింది చూశారా? సముద్రంలో ఈదే జంతువు. బీచ్‌లో సర్ఫింగ్ చేసేవాళ్లను కరిచాయి. నల్లవీపు నక్కల వైరస్సేనట. తీరంలో సీల్ పిల్లలను తినడానికి నక్కలు వస్తాయి కదా. ఒకే చోట తిండి, రెండు జాతులు, మధ్యలో కొట్లాట.

పశువుల డాక్టర్ (కడప) | జూలై 11, రాత్రి 7:15

నమీబియాలో కూడు అనే పెద్ద కొమ్ముల దుప్పి లాంటి జంతువు ఉంది, ఆకులు మేసేది. 1977 నుంచి 1985 దాకా రేబిస్‌తో అవి ముప్పై నలభై వేలు చచ్చాయంటారు. ఆకులు తినే జంతువు ఒకదాన్నొకటి కరవదు కదా! ముళ్ల తుమ్మ కొమ్మలు మేసి నోరంతా గాట్లు, అదే కొమ్మ మీద ఇంకోదాని చొంగ, అలా పాకిందని అనుమానం. నేను మేకల మందను తుమ్మచెట్టు కింద చూసినప్పుడల్లా ఈ విషయం గుర్తొస్తుంది. మన మేకల్లో అలా జరిగిన దాఖలా లేదు, భయపడకండి.

రమణి గారూ, అడవి కెమెరా చెప్పిన "ఒకే చోట తిండి" మాట గట్టిగా తగిలింది నాకు. శనగచేను గారూ, మీ ఊళ్లో కోళ్ల దుకాణాల చెత్త ఎక్కడ పోస్తారు?

శనగచేను | జూలై 11, రాత్రి 8:40

చెరువు కట్ట వెనక సార్. మూడు ఊళ్ల చికెన్ షాపుల వాళ్లు అక్కడే పోస్తారు. ఆదివారం రాత్రి అయితే కుప్ప. చచ్చిన గొర్రెలనూ అక్కడే పడేస్తారు. మా నాన్న ఉన్నప్పుడు పశువు చస్తే రాబందులు దిగి మధ్యాహ్నానికి ఎముకలు మిగిల్చేవట.

పాత పోస్ట్‌మాస్టర్ (నంద్యాల) | జూలై 11, రాత్రి 9:05

దిగేవి నాయనా, నేను చూశాను. తాటిచెట్ల మీద నల్లగా బారుగా కూర్చునేవి. ఇప్పుడు మనవలకు బొమ్మలో చూపించాలి.

వైరాలజీ రమణి (బెంగళూరు) | జూలై 11, రాత్రి 9:40

పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరం ద్వారా రాబందుల కిడ్నీలను పాడు చేసింది. 2006లో పశువులకు దాన్ని నిషేధించేసరికే చాలావరకు పోయాయి. ఆ తిండి కుక్కలకు మిగిలింది, కుక్కలు పెరిగాయి. 1992 నుంచి 2006 మధ్య దీనివల్లే అదనంగా దాదాపు 48 వేల మంది రేబిస్‌తో పోయి ఉంటారని ఒక అంచనా. లెక్క అటూ ఇటూ కావచ్చు గానీ దారి మాత్రం అదే.

డాక్టర్ గారూ, ఆ గేదె మెదడు నమూనా మిగిలి ఉందా? నక్కను పూడ్చేసినా పర్వాలేదు. గేదెను కరిచింది నక్కే కాబట్టి గేదెలో ఉన్నది నక్క వైరస్సే.

పశువుల డాక్టర్ (కడప) | జూలై 12, ఉదయం 9:00

అక్కడి డాక్టర్ మా బ్యాచ్‌మేటే. ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉందన్నాడు. పరీక్షలో ఆకుపచ్చగా మెరిసిందని, అంటే రేబిస్ ఉందని చెప్పారే తప్ప ఎవరి వైరస్సో చూడలేదు. కాగితాలు పెట్టించి పంపిస్తాం.

చెప్పుదెబ్బ | ఆగస్టు 14, ఉదయం 10:05

సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమని. ఇప్పుడేమంటారు మీ టీకా బ్యాచ్?

మోడరేటర్ | ఆగస్టు 14, ఉదయం 10:40

ఆ ఉత్తర్వు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం గురించి. (తర్వాత చేర్చింది: 2025 ఆగస్టు 22న కోర్టు ఆ ఉత్తర్వును మార్చింది.) దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ వైరస్ సంగతి మాత్రమే.

వైరాలజీ రమణి (బెంగళూరు) | సెప్టెంబర్ 21, రాత్రి 8:15

ఆలస్యానికి క్షమించండి. కాగితాలకు నెల, వరసలో ఇంకో నెల పట్టింది.

వైరస్ ఐదు జన్యువుల్లో ఒకటైన ఎన్ జన్యువు, 1,353 అక్షరాలు, పూర్తిగా చదివాం. కుక్కల వైరస్సే. పక్క జిల్లాలో నాలుగేళ్ల కిందట ఒక వీధికుక్కలో దొరికినదానికీ దీనికీ తేడా రెండంటే రెండు అక్షరాలు. ఆ కొమ్మ పేరు వింటే నవ్వుతారు: ఆర్కిటిక్ లాంటిది. ధ్రువపు నక్కల వైరస్‌కు దగ్గరి చుట్టం కావడంతో ఆ పేరు వచ్చింది, మన దేశంలో ఎక్కువగా తిరిగేది ఇదే. దక్షిణాన, శ్రీలంకలో ఇంకో పాత కొమ్మ కూడా ఉంది. దీనిది ఆ కొమ్మ కాదు.

ఒక్క నమూనాతో నక్కల జాతకం మొత్తం చెప్పలేం. కానీ ఈ నక్క వైరస్ ఈమధ్యే కుక్కల్లోంచి వచ్చింది. ముప్పై ఏళ్లు గుట్టల్లో తిరిగిన వైరస్‌కు ఉండాల్సిన తేడాలు దీనికి లేవు.

అడవి కెమెరా (తిరుపతి) | సెప్టెంబర్ 21, రాత్రి 8:50

ధ్రువపు చుట్టం అనంతపురం ఎండలో! వైరస్‌కు సన్‌స్ట్రోక్ కొట్టదా అక్కా.

శనగచేను | సెప్టెంబర్ 23, రాత్రి 11:30

రమణి గారూ, డాక్టర్ గారూ, మీ ఇద్దరి రుణం తీర్చుకోలేను. మొన్న ఆదివారం రాత్రి టార్చి తీసుకుని బావా నేనూ చెరువు కట్ట ఎక్కాం. లైటు వేస్తే కళ్లు మెరిశాయి. కుప్పకు ఇటువైపు పదీ పన్నెండు కుక్కలు, మా ఊరివి కావు, మెడలో తాడు లేనివి. అటువైపు కంపచెట్ల అంచున మూడు నక్కలు, కుక్కలు కడుపు నింపుకుని జరిగేదాకా కూర్చుని ఉన్నాయి. ఒక నక్క తొందరపడి ముందుకొస్తే కుక్క వెంటపడి పట్టుకుంది. అరుపు, దుమ్ము, అంతే. నాలుగు నిమిషాల్లో మళ్లీ ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. మా ఊళ్లో పిచ్చికుక్క లేదని రాశాను కదా. కట్ట వెనక సంగతి నేను ఎప్పుడూ చూడలేదు.

పశువుల డాక్టర్ (కడప) | సెప్టెంబర్ 24, ఉదయం 6:50

ఊళ్లో ఉన్నవాటిలో నూటికి డెబ్బైకి టీకా పడితే మంట నిలవదు. గోవాలో ఏటా లక్ష దాకా కుక్కలకు వలలు వేసి పట్టి మరీ వేశారు, మనుషుల చావులు దాదాపు ఆగిపోయాయి. తాడు ఉన్న కుక్కలు మీరే తెస్తారు. కట్ట వెనకవి ముఖ్యం. మా బ్యాచ్‌మేట్‌తో మాట్లాడాను, వలలు పట్టేవాళ్లతో వస్తాడు. ముందు ఆ కుప్ప సంగతి పంచాయతీలో తేల్చండి.

శనగచేను | అక్టోబర్ 12, రాత్రి 9:20

చెప్పాల్సినవి రెండు మూడు ఉన్నాయి. గ్రామసభలో గొడవైంది గానీ జేసీబీతో గుంత తవ్వించారు. షాపుల వాళ్లు అందులో వేసి మట్టి కప్పాలి. ముగ్గురిలో ఇద్దరు వేస్తున్నారు. మొన్న క్యాంపులో ఊరి కుక్కలు నలభై ఒకటికి టీకా పడింది.

టైగర్ బాగుంది. గొలుసు అంటే చిరాకు, నన్ను చూస్తే మూలుగుతుంది. నవంబర్ 6కి ఆరు నెలలు, ఇంకా ఇరవై ఐదు రోజులు.

కర్నూలు కుర్రోడు | అక్టోబర్ 12, రాత్రి 9:31

అన్నా, కట్ట వెనక కుక్కలు ఎన్ని దొరికాయి?

శనగచేను | అక్టోబర్ 12, రాత్రి 9:34

మూడు. వచ్చే ఆదివారం రాత్రి మళ్లీ వస్తారు.